పూడిపోయిన బావులు

వాక్యపఠనము: ఆదికాండము 26:12–33



ఎండలు ముదిరినవి. బావులలో నీళ్లు అడుగంటినవి. మెట్ట గ్రామములలో తెల్లవారకమునుపే బిందెల చప్పుడు వినబడుచున్నది. ఈ దినములలో మన సంఘములు కూడుకొనిన చోటనెల్ల వానకొరకైన ప్రార్థన జరుగుచున్నది. అది తగిన ప్రార్థనయే. వాన దేవుని చేతిలోనిది. అయితే ఆ ప్రార్థన చేయు మనము ఒక ప్రశ్న వేసికొనవలసియున్నది. దేవుడు వాన ననుగ్రహించిన యెడల మనము దానిని ఎక్కడ ఉంచుకొందుము?

కొన్ని సంవత్సరముల క్రిందట మేము రాయలసీమలోని ఒక చిన్న సంఘమును దర్శించితిమి. ఆ ఆదివారపు ఆరాధనయంతయు వానకొరకైన విజ్ఞాపనయే. వృద్ధురాలైన ఒక తల్లి నేలమీద మోకరించి కన్నీటితో ప్రార్థించెను. ఆ రాత్రియే ఉరుములతో గొప్ప వర్షము కురిసెను. అందరము లేచి దేవునికి స్తోత్రములు చెల్లించితిమి. తెల్లవారి చూడగా గుడి కప్పుమీదనుండి పడిన నీరు ఆవరణములో కాలువ కోసికొని పోయియుండెను. ఎఱ్ఱని నీరు పొలములలోని మంచి మట్టిని మోసికొని వాగులో పడిపోవుచుండెను. మధ్యాహ్నమునకు వాగు ఎండెను. సాయంకాలమున ఆ తల్లియే బిందె చంకనబెట్టుకొని దూరముననున్న బావికి నీళ్లకు పోవుట చూచితిమి. ప్రార్థన ఆలకింపబడెను. జవాబును వచ్చెను. వచ్చిన జవాబు మన వాకిటనుండియే దాటిపోయెను. ఆ దృశ్యము నేటివరకు మమ్మును విడువలేదు.

ఈ నెల ధ్యానమునకు ఇస్సాకు బావులను గూర్చిన వాక్యభాగమును ఎన్నుకొనుటకు కారణమిదే.

ఇస్సాకు నివసించిన దేశము

మన బైబిలులో దక్షిణదేశమని పిలువబడిన ప్రాంతమును నేడు నెగెవ్ అందురు. గెరారు, బెయేర్షెబా ఆ ప్రాంతములోనివే. బెయేర్షెబా దగ్గర సంవత్సరమునకు కురియు వాన సుమారు 200 మిల్లీమీటర్లు. అక్కడనుండి ఇంకను దక్షిణమునకు పోయి అవ్దత్ అను పాత పట్టణపు శిథిలములను చేరినచో సంవత్సరపు సగటు 100 మిల్లీమీటర్లకు కూడ మించదు. మన రాష్ట్రములో మిక్కిలి కరవు ప్రాంతమని పేరుబడిన అనంతపురములో సగటున సుమారు 550 మిల్లీమీటర్లు కురియును. దీనినిబట్టి ఇస్సాకు ఎట్టి నేలలో కాపురముండెనో గ్రహింపవచ్చును.

అక్కడ వాగులు సంవత్సరములో ఎక్కువ కాలము ఇసుకయే. శీతకాలమున కొండలమీద వాన పడిన గంటకో రెండు గంటలకో ఆ యిసుకలో వరద వచ్చును. తరువాత మరల యిసుకయే. 126వ కీర్తన వ్రాసిన భక్తుడు తన జనుల విడుదలను ఆ దక్షిణదేశపు వాగులలో నీరు వచ్చుటతో పోల్చెను. ఎండిన వాగును చూచి విసిగినవారికే ఆ మాటలోని సంతోషము తెలియును. మన పెన్నా, చిత్రావతి ఒడ్డుల నున్నవారికి దానిని విడమరచి చెప్పనక్కరలేదు.

కరవు కలిగినప్పుడు ఇస్సాకు ఐగుప్తునకు పోవలెనని తలచియుండవచ్చును. అక్కడ నైలునది యుండెను. దేవుడు పోవద్దని చెప్పి, ఆ మెట్టనేలలోనే తోడుగా ఉందునని మాట ఇచ్చెను. ఇస్సాకు ఆ మాట నమ్మెను. నమ్మినవాడు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. విత్తనము వేసెను, బావులు త్రవ్వించెను.

1. పూడ్చబడినవాటిని తిరిగి త్రవ్వించెను

అబ్రాహాము దినములలో త్రవ్విన బావులను ఫిలిష్తీయులు అసూయచేత మన్నుపోసి పూడ్చివేసిరి (26:15). ఎడారిలో బావిని పూడ్చుటకంటె మూర్ఖపు పని మరియొకటి లేదు. పొరుగువాడు త్రాగకుండ చేయుటకు తమకును లేకుండ చేసికొనిరి. ఆ దేశములో బావి త్రవ్వుట సులభము కాదు. బెయేర్షెబా పాతదిబ్బ పట్టణద్వారమునొద్ద పురాతత్త్వజ్ఞులు కనుగొనిన ప్రాచీనమైన బావి లోతు సుమారు 70 మీటర్లు. అంత లోతు త్రవ్విన చేతుల కష్టమును తలంచుడి. దానిని పూడ్చుటకు కొన్ని దినములు చాలును.

ఇస్సాకు ఏమి చేసెను? కొత్త చోటు వెదకుటకు ముందు తండ్రి త్రవ్వించిన బావులను తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే వాటికి పెట్టెను (26:18). తన పేరు నిలుపుకొనవలెనను ఆశ అతనికి లేదు.

మన నేలలోను పూర్వికులు వానను పట్టి ఉంచుట ఎరిగినవారే. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించెను. అక్కడి శిలాశాసనము ప్రకారము 1000 మంది కూలివారు, 100 బండ్లు రెండు సంవత్సరములు ఆ పనిచేసెను. చెరువుకు ఉండవలసిన అంగములు పండ్రెండనియు, తప్పించుకొనవలసిన దోషములు ఆరనియు ఆ శాసనము చెప్పుచున్నది. కట్టలోనుండి నీరు ఊరిపోవుట ఆ దోషములలో ఒకటి. రెండు రాజ్యముల సరిహద్దున చెరువు కట్టుట మరియొకటి. కలహము వచ్చుచోట నీరు నిలువదని వారికిని తెలిసియుండెను.

మన గ్రామములో పూడిపోయిన బావులెన్ని? దిగుడుబావి నేడు చెత్తకుండిగా ఉన్నదా? చెరువుకు నీరు తెచ్చు వాగుకాలువను దున్నుకొని పొలములో కలుపుకొనినవారు ఎవరు? ఇక్కడ మనము ఫిలిష్తీయులను వెదకుచు దూరము పోనక్కరలేదు. కొన్నిచోట్ల కాలువను కలుపుకొనిన నాగలి మనదే. ఆదివారము వానకొరకు ప్రార్థించి సోమవారము కాలువను పూడ్చినచో మన చేతులు మన నోటికి విరోధముగా సాక్ష్యమిచ్చును.

అయినను ఒక మాట జాగ్రత్తగా చెప్పవలసియున్నది. వాన నిజముగానే రాని సంవత్సరములు గలవు. వేరుసెనగ ఎండిపోయి, అప్పు మిగిలి, మనస్సు చితికిన రైతును చూచి నీ పాపమువలననే ఇట్లాయెనని ఎవరును తీర్పు తీర్చరాదు. నీతిమంతుల పొలముమీదను అనీతిమంతుల పొలముమీదను దేవుడు ఒక్కటే వాన కురిపించునని ప్రభువు బోధించెను. అట్టి సహోదరుని యింటికి సలహాతో పోకముందు ఒక తట్ట ధాన్యముతో పోవుట క్రైస్తవధర్మము.

2. కలహమును విడిచి ముందుకు సాగెను

ఇస్సాకు పనివారు లోయలో త్రవ్వగా ఊట దొరికెను. వెంటనే గెరారు కాపరులు ఆ నీరు మాదని జగడమాడిరి. ఆ బావికి ఏశెకు అని పేరు పెట్టబడెను, అనగా జగడము. రెండవ బావికొరకును పోరాటమే. దానికి శిత్నా అని పేరు, అనగా విరోధము. మూడవ బావికి జగడము లేదు. దానికి రహెబోతు అని పేరు పెట్టెను, అనగా చోటు, విశాలత.

ఇస్సాకు బలహీనుడై విడిచిపెట్టెనని తలంచవద్దు. నీవు మాకంటె బలవంతుడవని రాజైన అబీమెలెకే ఒప్పుకొనెను (26:16). బలము గలవాడు తగ్గెను. ఇదియే ఈ కథలోని గొప్పతనము.

నేడు మన పొలములలో ఏశెకు, శిత్నా అను బావులకు కొదువ లేదు. అన్న 300 అడుగుల బోరు వేయించెను. తమ్ముడు 600 అడుగులు వేయించెను. అన్న బోరు ఎండెను. అతడు అప్పుచేసి మరల లోతుకు పోయెను. మేము ఎరిగిన ఒక కుటుంబములో ఇద్దరు సహోదరులు ఇట్లు పోటీపడి, చివరకు రెండు బోర్లును ఎండి, ఒకరి ముఖము ఒకరు చూడకుండ ప్రభుభోజనమునకు రెండు వైపుల కూర్చుండుట చూచితిమి. నేలక్రింద నీటికి గట్లు లేవు. సర్వేరాయి ఎక్కడ పాతబడెనో దానికి తెలియదు. పైన ఇంకిన వాన కొంతయైతే క్రిందనుండి తోడునది దానికి మించినచో ఎంత లోతు పోయినను ఎండుట తప్పదు. అది ఒకే సంచిలోని రూకలను ఇద్దరు కలిసి తీయుటవంటిది. వేయువాడు లేనప్పుడు తీయువారిలో ఎవడు గెలిచినను సంచి ఖాళీయే.

బిందుసేద్యమును గూర్చియు ఒక మాట. 1965లో ఆ బెయేర్షెబా సమీపముననే హత్సెరీం అను గ్రామమువారు, సిమ్హా బ్లాస్ అను ఇంజనీరు ఆలోచనప్రకారము, మొక్క మొదట చుక్క చుక్కగా నీరు విడుచు పరికరమును తయారుచేయ నారంభించిరి. నేడు అనంతపురము చీనీతోటలలో మనము చూచు సన్నని నల్లగొట్టములకు అచ్చటి పనితో బంధుత్వము గలదు. అది మంచి సాధనము. అయితే దానివలన మిగిలిన నీటితో ఇంకను రెండు ఎకరములు తోట పెంచినచో బావికి మిగిలినది ఏమి? సాధనము నీటిని మిగుల్చును. ఆశను అదుపుచేయుట మాత్రము గొట్టములవలన కాదు, దేవుని ఆత్మవలననే కలుగును.

ఆ కథ ముగింపు చూడుడి. ఇస్సాకును వెళ్లగొట్టిన అబీమెలెకు తానే వచ్చి సమాధానము కోరెను. ఇస్సాకు విందుచేసి, ఉదయమున ప్రమాణముచేసి అతని సాగనంపెను. ఆ దినముననే పనివారు పరుగున వచ్చి తమకు నీళ్లు కనబడెనని చెప్పిరి (26:32). మొదట సమాధానము, తరువాత నీళ్లు. ఈ వరుసను మరువకుడి.

3. ఎడారిలోని సంఘముల సాక్ష్యము

ఇస్సాకు తరువాత అనేక శతాబ్దములకు ఆ నేలలో నబాతీయులను జనులుండిరి. వారు నేలక్రింద రాతిలో తొట్లు తొలిచి, పైన చిన్న నోరుంచి లోపల విశాలముచేసి, గచ్చుపూసి, వాననీటిని దాచుకొనెడివారని క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దపు చరిత్రకారుడు డయొడోరస్ వ్రాసెను. తరువాతి కాలమున అక్కడివారు క్రైస్తవులైరి. షివ్తా అను ఊరిలో మూడు క్రైస్తవాలయముల శిథిలములు నేటికిని నిలిచియున్నవి. ఆ ఊరికి ఏరు లేదు. ఇండ్ల కప్పులమీదను వీధులలోను పడిన నీరు కాలువలగుండ తొట్లలోనికిని, ఊరినడుమ నున్న రెండు పెద్ద కోనేరులలోనికిని చేరునట్లు కట్టుకొనిరి.

ఆ శిథిలములలో కొన్ని కుండపెంకులు దొరికినవి. వాటిమీద గ్రీకుభాషలో చిన్న రశీదులు వ్రాసియున్నవి. ఫలానావాడు కోనేటి పనిలో తన వంతు చేసెనని వాటి భావము. సంఘముగా బ్రదుకుట అనగా ఏమో ఆ పెంకులు మనకు చెప్పుచున్నవి. నీరు అందరిది గనుక పూడిక తీయుటయు అందరిది.

వారి సేద్యము ఇంకను ఆశ్చర్యము. ఆ నేల తడిసినప్పుడు పైన పొర గట్టును. తరువాత పడిన వాన ఇంకక జారిపోవును. మనమైతే ఇది పాడునేల యందుము. వారు గుట్టలమీద జారు నీటిని చిన్న గట్లతో మళ్లించి, లోయలో మెట్లుమెట్లుగా కట్టిన మళ్లలో నిలిపిరి. ఒక ఎకరము సాగుచేయుటకు 20 మొదలు 30 ఎకరముల గుట్టమీది వానను కూర్చిరి. 1958 తరువాత యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞుడు మైఖేల్ ఎవెనారి, ఆయన సహచరులు షివ్తాలోను అవ్దత్‌లోను ఆ పాత గట్లనే బాగుచేసి, బార్లీ, గోధుమ, బాదము, ద్రాక్ష మొదలగువాటిని పండించి చూపిరి. బయటినుండి కాలువ తీయలేదు. పైనుండి పడినదానినే పట్టిరి.

వారి వాన చలికాలపు వాన. మన వానలు ఎక్కువగా ఎండ తగ్గని నెలలలో వచ్చును గనుక మన నీరు త్వరగా ఆవిరియగును. కాబట్టి వారు చేసినది చేసినట్లే మనము చేయలేము. అయితే వారికంటె అయిదింతలు వాన పొందిన మనము, పడినది పడినట్లే పోనిచ్చుట తగునా?

4. బావి ఎవరిది?

మన తాత ముత్తాతలలో అనేకులు ఊరి బావి దగ్గర దూరముగా నిలిచి, ఎవరైన దయతలచి తమ కుండలో పోయుదురని గంటలకొలది కనిపెట్టినవారు. ఈ సంగతి సిగ్గుపడి దాచవలసినది కాదు. సిగ్గు నిలువబెట్టినవారిది. సుఖారు ఊరిబయట యాకోబు బావియొద్ద యేసు సమరయ స్త్రీని నీళ్లడిగినప్పుడు, యూదుడవైన నీవు నన్నెట్లు అడుగుదువని ఆమె ఆశ్చర్యపడెను. ఆ ఆశ్చర్యము మన యిండ్ల పెద్దలకు బాగుగా తెలిసినదే. ప్రభువు ఆమె చేతినీళ్లు అడిగెను, ఆమెకు జీవజలమును గూర్చి చెప్పెను. కాబట్టి మన గుడి ఆవరణములో బావి త్రవ్వినను, తొట్టి కట్టినను, ఇది మా సంఘపువారికే అని తాళము వేయరాదు. ఒకప్పుడు మనకు చేయబడినదానిని మనము మరియొకనికి చేసిన యెడల మనమును బావిని పూడ్చినవారమే అగుదుము.

లోకములోని ప్రతి బావి వేసవిలో తగ్గును. యిర్మీయా ప్రవక్త కాలపు జనులు ఊటయైన దేవుని విడిచి నీరు నిలువని బీటల తొట్లను నమ్ముకొనిరి (యిర్మీయా 2:13). నీటిని దాచు మంచి పని చేయుచు దేవునినే మరచినయెడల మన తొట్టి ఎంత గట్టిదైనను మన లోపలిది బీటలు వారినదే. రెండును కావలెను. మోకాళ్లును కావలెను, పారయును కావలెను.

ఇప్పుడు ఏమి చేయుదము?

ఎలీషా దినములలో ముగ్గురు రాజులు ఎదోము అరణ్యమార్గమున సైన్యముతో పోవుచు నీళ్లులేక చావుకు సిద్ధమైరి (2 రాజులు 3). గాలియు వానయు కనబడకయే లోయ నిండునని, ముందుగా ఆ లోయలో గోతులు త్రవ్వుడని ప్రవక్త చెప్పెను. త్రవ్విరి. ఉదయమున ఎదోము వైపునుండి నీళ్లు వచ్చెను. గోతులు త్రవ్వుట మనుష్యుల పని, నింపుట దేవుని పని. గోతులు లేనిచో ఆ నీళ్లు ఏమగును? మా చిన్న సంఘపు వాగులో పోయినట్లే పోవును.

కాబట్టి తొలకరికి ముందు ఈ నాలుగు పనులు ప్రతి సంఘము ఆలోచింపవలెనని మేము ప్రేమతో కోరుచున్నాము.

మొదటిది, గుడి కప్పు. పొడవు 40 అడుగులు, వెడల్పు 25 అడుగులు గల కప్పుమీద ఒక్క అంగుళము వాన పడినచో సుమారు 2300 లీటర్లు దిగును. 15 లీటర్ల బిందెలతో లెక్కించినచో 150 బిందెలు. తూము అమర్చి తొట్టిలోనికి గాని, రాళ్లు ఇసుక నింపిన ఇంకుడుగుంతలోనికి గాని పంపుడి. మొదటి జల్లు దుమ్ము కడుగును గనుక దానిని బయటికి విడువుడి. తొట్టికి మూత వేయుడి.

రెండవది, పొలము. ఒక ఎకరము మీద ఒక అంగుళము వాన అనగా సుమారు లక్ష లీటర్లు. వాలుకు అడ్డముగా దున్నుడి, గట్లు బలపరచుడి, పల్లపు మూలను పంటకుంట త్రవ్వుడి. మట్టి నిలిచిన పొలములో నీరును నిలుచును.

మూడవది, ఊరి చెరువు. కోతకాలపు పండుగకు ప్రథమఫలములు తెచ్చునట్లు, వేసవిలో ఇంటికొకరు ఒక్క దినపు పనిని దేవునికి కానుకగా తెచ్చి, ఊరివారందరితో కలిసి చెరువు కాలువలో పూడిక తీయుడి. షివ్తా పెంకులవలె మన సంఘపు పుస్తకములోను ఆ వంతులు వ్రాయబడునుగాక.

నాలుగవది, సమాధానము. నీటి విషయమై ఎవరితోనైన మాటలు లేనివారు ఈ నెల ప్రభుభోజనమునకు ముందు వెళ్లి మాటలాడవలెను. ఎవరు ముందు పోవలెనని అడిగినచో, ఇస్సాకువలె బలము గలవాడే ముందు పోవలెను.

ఆ వృద్ధురాలైన తల్లి ఇప్పుడు ప్రభువునొద్దనున్నది. ఆమె ప్రార్థించిన గుడికి ఆ తరువాత యౌవనస్థులు తూము అమర్చి ఒక తొట్టి కట్టిరి. గొప్ప పని కాదు. అయినను మేము మరల పోయినప్పుడు, వాన వెలిసిన ఉదయమున, ఆ వీధిలోని స్త్రీలందరు, మన సంఘపువారును కానివారును, ఆ తొట్టియొద్ద బిందెలు నింపుకొనుట చూచితిమి. ఒకరిని ఒకరు ముందు పట్టుకొమ్మని చెప్పుకొనుచుండిరి. ఆ చోటికి మేము మనస్సులో రహెబోతు అని పేరు పెట్టుకొంటిమి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీవు పంపిన వానను పోనిచ్చిన మా అజాగ్రత్తను క్షమించుము. మా పితరుల బావులను తిరిగి త్రవ్వు శక్తిని, మా పొరుగువారితో పంచుకొను మనస్సును మాకు దయచేయుము. కరవులో చితికినవారిని ఆదరించుము. మా నేలను తడుపుము, మా ఆత్మలను జీవజలముతో నింపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.